రెండో గ్లాసు నీళ్లు

మారిసెల్ అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఉన్నా నీకు తెలుగు రాదు, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

సింగపూర్‌లో కంపెనీలన్నీ ఎగబడి మనుషుల్ని తీసుకుంటున్నాయి. మన టీములోకి మీ ఫిలిప్పీన్స్ అమ్మాయి జాయ్ వచ్చింది. ఇవాళ ఆమె జీతం మాట్లాడే రోజు. జీతం బాగా పెరిగితేనే కూతుర్ని ఇక్కడికి తెచ్చుకోవడానికి పాస్ ఇస్తారు.

"ఎంత కావాలని అడిగితే ఏం చెప్తావ్?" అని నిన్న అడిగాను.

"మీ ఇష్టం సార్ అంటాను ఆతే, నోరు తెరిచి అడిగితే ఏం బాగుంటుంది?" అని నవ్వింది. ఆతే అంటే మీ భాషలో అక్క కదా, ఆమెకి నేనిప్పుడు అక్కని.

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఇచ్చినంత పుచ్చుకోవడమే మర్యాదని నేనూ అనుకునేదాన్ని. మనం కలిసున్న యీషున్ ఫ్లాట్‌లో అన్నం తింటూ నువ్వు, ఇక్కడివాళ్లలా చివర 'లా' తగిలించి కసిరావు: "మర్యాద పెట్టి అద్దె కట్టలేం లా! అంకె చెప్పు. ఆపైన నవ్వకు, సారీ అనకు. వాళ్లు మాట్లాడేదాకా నీళ్లు తాగుతూ ఉండు."

నీ పేరు చెప్పి, అదే జాయ్‌కి చెప్పాను.

ఇవాళ గదిలోంచి వచ్చి కుర్చీలో కూలబడింది. "గ్లాసు ఖాళీ అయిపోయింది ఆతే! ఆయన పలకడు, నాకు నవ్వొచ్చేస్తోంది. చివరికి ఇంకొన్ని నీళ్లు కావాలా అన్నాడు. ఇవ్వండి సార్ అన్నాను."

రెండో గ్లాసు సగమయ్యేసరికి ఒప్పుకున్నాడట, ఒకప్పుడు నీ నీళ్ల గ్లాసు ముందూ ఇలాగే కూర్చున్న మన మేనేజరు. ఆమె లేచి వస్తుంటే, "మారిసెల్ నీకేమవుతుంది?" అని అడిగాడట.

జాయ్ నిన్నెప్పుడూ చూడలేదు. "మా అక్క" అని చెప్పి వచ్చింది.