చిలుక బొమ్మ కొక్కెం

నాంపల్లి, 1963 ఆగస్టు, శనివారం

బాలవాడి లెక్కలు సాయంత్రమే ముగించాను. యాదమ్మ సంగతి రాయకుండా మాత్రం నిద్ర పట్టేలా లేదు.

పిల్లలకు ఇంకా అక్షరాలు రావు కనుక, తువ్వాళ్లు తగిలించే కొక్కేల పైన ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ ఉంటుంది. నాలుగేళ్ల యాదమ్మది చిలుక. నేనే వేశాను, ముక్కు సరిగా కుదరలేదు. అయినా ఆ పిల్ల రోజూ పాలగ్లాసును ముందు దానికి చూపించి, తర్వాతే తాగేది.

మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది. "సాగర్ డ్యాం పనికి పోతున్నం అన్నా. పిల్లకు ఇంట్ల గూడ నీ ముచ్చటే. నీకు అయ్యను నేనా, గా లెక్కలాయననా అని వాళ్ల నాయన నవ్వుతడు."

నేనూ నవ్వాను. మళ్లీ ఎప్పుడు వస్తారని అడగాలనుకున్నాను. "అక్కడ నీళ్లు కాచి తాగించమ్మా" అన్నాను. యాదమ్మ తువ్వాలు చంకన పెట్టుకుని తల్లి వెంట స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

"సోమవారం కొత్త పిల్లాడు చేరతాడు గుమాస్తాగారూ, ఆ చిలుక కొక్కెం వాడికిచ్చేద్దామండీ" అన్నారు టీచరుగారు.

"అది వదులైందండీ, బాగు చేయించాలి" అన్నాను. కొక్కెం గట్టిగానే ఉంది.

రాత్రి సావిత్రి అన్నం వడ్డిస్తూ, "ఇవాళ మీ చిలుక ఏం చేసింది?" అని ఎప్పటిలాగే అడిగింది. తను ఆ పిల్లను ఒక్కసారీ చూడలేదు. పిల్లలు లేని మా ఇంట్లో భోజనాల దగ్గర మాట సాగేది ఆ పిల్ల గురించే.

"పాలన్నీ తాగేసింది" అన్నాను.

రేపు ఆదివారం కనుక అడగదు. సోమవారం ఏం చెప్పాలో.