అత్తగారి తోడు సీసా

మే 6, ఉదయం 5:20
సెయింట్ జార్జ్ పండుగ. ఊరంతటికీ సెలవు, మా ఫ్యాక్టరీ ట్యాంకులకు లేదు. గొర్రెపాలు కాచి తోడు పెట్టాను. మా అత్తగారు, పేరు గాన, పోయి పదకొండేళ్లయింది. ఆవిడ తోడు మాత్రం నా ఫ్రిజ్‌లో బతికే ఉంది.

మా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఇంట్లో పెరుగు తోడు పెట్టకూడదు. పెరుగులో ఫేజ్ ఉండొచ్చు, మా బ్యాక్టీరియాను తినేసే వైరస్. ఆ రూలు రాసి గోడకు అంటించింది నేనే. బల్గేరియాలో పెరుగు మానమని రాసిన మొదటి మూర్ఖురాలిని.

అది నాకు వర్తించదని నా పొగరు. ట్యాంకుల్లో ఉన్న D-41 బ్యాక్టీరియా ఈ సీసాలోంచి వచ్చిందే. ఇన్‌స్టిట్యూట్ రోజుల్లో నేనే వేరు చేశాను. తర్వాత డచ్చివాళ్లు కొన్నారు, జీన్లు మార్చారు. ఇప్పుడది మొక్కజొన్న చక్కెర తిని ప్లాస్టిక్ కప్పులకు పనికొచ్చే యాసిడ్ ఇస్తోంది. పేటెంటు మీద ఏడు పేర్లున్నాయి. నాది లేదు. గానది అసలే లేదు.

మే 6, మధ్యాహ్నం 3
ఆలస్యంగా వెళ్లాను. స్నానం చేశాకే లోపలికి పోవాలి, కానీ షవర్లో వేడినీళ్లు లేవు. చేతులు మాత్రం కడుక్కుని లోపలికి పోయాను, చిన్న ట్యాంకులోకి కొత్త D-41 కల్చర్ ఎక్కించాను. అక్కడ పెరిగాక అది మూడో ట్యాంకులోకి పోతుంది.

క్లీనింగ్ చూసే దాఫిన అక్క, తనింట్లో తోడుపెట్టిన పెరుగు తెచ్చి బట్టలు మార్చుకునే గదిలో అందరికీ పెట్టింది. పండగ పూట కూడా నోరు కట్టేసుకోవాలంటే నావల్ల కాదు, ఆ రూలు రాసినావిడ వస్తే ఆవిడకూ ఓ గరిటె పెడతానందట. నవ్వాను. తినలేదు.

మే 8
మూడో ట్యాంకు చచ్చింది. నలభై వేల లీటర్లు. యాసిడ్ పుడుతుంటే దాని పులుపు విరిచే సున్నపునీళ్ల పంపు టకటకా కొట్టుకుంటూ ఉండాలి. పొద్దున్నే ఆగిపోయింది. ఫేజ్ పడితే ఇలాగే ఆగుతుంది.

మే 9
డచ్చి డైరెక్టర్ వెర్‌హూఫ్ పిలిచాడు. పెరుగు తెచ్చిన మనిషెవరో ఫ్యాక్టరీ మొత్తానికీ తెలుసట, రుజువు మాత్రం నేను తేవాలట. అక్క సీసా దొరికింది, పరీక్ష చెయ్యమన్నాడు.

మే 11
D-41 పెంచిన గాజు ప్లేట్లు రెండు పెట్టాను, పెరుగులో ఫేజ్ ఉంటే వాటిలో చిల్లులు పడతాయి. ఒకటి అక్క పెరుగు. రెండోది నాది, ఎవరూ అడగకపోయినా.

మే 12, ఉదయం 10
అక్క ప్లేటు శుభ్రంగా ఉంది. షాపు ప్యాకెట్ తోడు, అందులో ఏముంటుంది? నా ప్లేటు నిండా చిల్లులు. అత్తగారి సీసాలోని వైరస్ అత్తగారి బ్యాక్టీరియానే తినేసింది.

మే 12, సాయంత్రం
అక్కకు పెన్షన్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. భర్త మంచం మీద. నాకు యాభై నాలుగు. ఈ ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీ లేదు. ఇవన్నీ కాగితం మీద రాసి చూసుకున్నాను, ఏదో తేలుతుందని.

మే 13
రిపోర్టులో నా ప్లేటు ఫొటో పెట్టి, కింద దాఫిన పేరు రాశాను.

మే 14
పనిలోంచి తీసేసిన కాగితం మీద అక్క చదవకుండానే సంతకం పెట్టింది. లాకర్లోంచి చెప్పులు, దువ్వెన, మనవరాలి ఫొటో సంచిలో వేసుకుంది. నన్ను చూసి, ఏమే పిల్లా, ముఖం అలా పెట్టావేం, నేనేం చచ్చానా అని అడిగింది.

మే 15
ఏమీ రాయబుద్ధి కావడం లేదు. సిగ్గు లేని దాన్ని, భోజనం మాత్రం చేశాను.

మే 21
అక్క ఇంటికొచ్చింది. చేతిలో ఖాళీ సీసా. ప్యాకెట్ తోడుతో పెరుగు నీళ్లలా జారిపోతోందట. ఇప్పుడు నాకు ఏ రూలూ లేదు కదే, మీ అత్త తోడు ఓ చెంచా పెట్టు అంది.

నా దగ్గరెక్కడిదక్కా అన్నాను. నవ్వింది. పండగనాడు పొద్దున నా పక్కనే నిలబడి నాకు గౌను తొడిగిందట. కడిగినా నా చేతులు గొర్రెపాల వాసన కొట్టాయట. ఆ చేతులతోనే నేను లోపలికి పోవడం చూసిందట.

మరి సంతకం ఎందుకు పెట్టావని అడిగాను. ఆ డచ్చోడి దగ్గర నా మాట నిలబడుతుందా, నువ్వూ పోతే ఇద్దరం ఎవరి మొహం చూసుకుని ఏడవాలి అంది. ఆ తర్వాత ఇంకో మాట. నువ్వే చెప్తావని వారం రోజులు చూశానే.

సీసా నింపి ఇచ్చాను.

మే 24
అక్క నా గుమ్మంలో సీసా పెట్టి వెళ్లింది. తీసుకున్న తోడుకు బదులు పెరుగివ్వాలని నిండా తోడు పెట్టింది. కత్తితో కోయొచ్చు, అంత గట్టిగా ఉంది. దీన్ని డైరెక్టర్ బల్ల మీద పెట్టి, ఇది నా తోడు, వైరస్ దీంట్లోదే అంటే చాలు.

నిలబడే మొత్తం తినేశాను. సీసా మూడుసార్లు వేడినీళ్లతో కడిగాను. రేపు మొదటి షిఫ్టు నాదే.