మళ్ళీ లేచినవాడు

శ్రీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆఫీసులో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

కొత్తగూడలో మన గదిలో శనివారాలు నువ్వు పెట్టే చవక కౌబాయ్ సినిమాలు గుర్తొచ్చాయి. అట్టముక్కల బ్యాంకు, ఊరంతటికీ ఒకే గుర్రం. ఇంకో నటుణ్ణి పెట్టుకునే స్తోమత లేక, తూటా తగిలి మిద్దె మీంచి పడి చచ్చినవాడినే తర్వాతి సీనులో మీసం అతికించి మళ్ళీ దింపేవాళ్ళు. వాణ్ణి పట్టుకోవడమే నీకు పండగ. "సూడు మామా, మల్ల లేచిండు! గీ సినిమాలల్ల ఎవ్వడూ పూర్తిగ సావడు" అంటూ మంచం మీద దొర్లి దొర్లి నవ్వేవాడివి.

నీ కుర్చీలో ఇప్పుడొక కొత్తవాడు కూర్చుంటున్నాడు. ఇవాళ మీటింగులో మేనేజర్ అతని వైపే చూస్తూ, "శ్రీనూ, ఆ రిపోర్ట్ సాయంత్రంకల్లా పంపించెయ్" అన్నాడు. టీములో ఒక్కరూ సరిదిద్దలేదు. నేనూ నోరెత్తలేదు. కొత్తవాడు మాత్రం తడుముకోకుండా "ఓకే సార్" అన్నాడు. మేనేజర్ తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయాడు.

నీ సినిమావాళ్ళే నయం రా. చేతిలో డబ్బుల్లేకపోయినా, కనీసం మీసమైనా మార్చేవాళ్ళు.