ఈ ఏడు మీకు ఎండుచేపలు పెట్టలేదు

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. ఏటా మీ ఫొటో ముందు మీకిష్టమైన ఎండుచేపల కూర పెట్టేదాన్ని. ఈసారి పెట్టలేదు, కోప్పడకండి.

మన సుజాత ఏలూరు ఆసుపత్రిలో నర్సుగా నైట్ డ్యూటీలు చేస్తూ ఊరందరికీ బీపీ చూసింది గానీ, తనది చూసుకోలేదండి. మొన్న కళ్ళు తిరిగితే చూసుకుంది. మీకున్న బీపీయే దానికీ వచ్చింది. మీరు పడిపోయాక గానీ మనకి తెలియలేదు. దీనికి ముందే తెలిసిందని సంతోషించాలట. నాకేమో భయపడి భయపడి ఒంట్లో ఓపిక పోయింది.

ఇప్పుడు డ్యూటీ మార్పించుకుని వేళకి పడుకుంటోంది. పొద్దున్నే కాలవగట్టున నడుస్తోంది, ఉప్పు తగ్గించింది. చిక్కిపోతోందేమోనని అదో దిగులు నాకు.

"నాన్నకి పెట్టింది నేను తినాలి కదమ్మా! తినకపోతే నాన్నకి కోపమంటావు, తింటే నువ్వు నిద్రపోవు. ఏం చెయ్యమంటావు?" అని నిన్న నవ్వింది. నాకు నవ్వు రాలేదండి.

అందుకే పచ్చి కొరమేను తెప్పించి, ఉప్పు తగ్గించి పులుసు పెట్టాను. మీకు చప్పగా ఉండుంటుంది. పిల్ల మాత్రం మారు వడ్డించుకుని తింది.

వచ్చే ఏడు కూడా మీకిదేనండి. అలవాటు చేసుకోండి.