మొదటి పేజీలో నీ చావు

ఓబులేసూ,

పాచికలేసి కథ నడిపే మన ఆటలోని మనుషులంతా నేను గీసిన కామిక్ పుస్తకంలోకెక్కారు. నిన్ననే నంద్యాలలో అచ్చయింది. నీ కత్తివీరుణ్ని మొదటి పేజీలోనే చంపేశాను.

ఆటలో నా మాంత్రికుడు చచ్చినప్పుడు బతికించమని నిన్నెంత బతిమాలాను! "చచ్చినోడు మళ్లీ రాడు, ఊర్కో" అని, నువ్వే చెక్కిన వాడి రాతిబొమ్మను నా ముందరే సుత్తితో పగలగొట్టావు. నీతో మాట్లాడటం మానేశాను. ఆ ఎండాకాలమే నువ్వు పోయావు.

ఈరోజు మీ నాయన ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చాడు. రాతిపొడి వేళ్లతో మొదటి పేజీ తడిమాడు.

"రెండో పుస్తకంలోనన్నా మావాన్ని లేపుతావా అప్పా?"

"చచ్చినోడు రాడు చిన్నాయనా. మీవాడు పెట్టిన రూలే."

అంటున్నప్పుడు నాకు హాయిగానే ఉంది.

ఆయన తువ్వాల మూట విప్పి, నీ ఉలిపెట్టెలో దొరికిన నల్లరాతి బొమ్మను నా బల్ల మీద పెట్టాడు. నా మాంత్రికుడే. మళ్లీ కొత్తగా చెక్కావు. మీ ఇంట్లో బొమ్మకు కళ్లు చివరన తెరుస్తారు, అప్పుడే ప్రాణం పోసినట్టు.

"వాడు ఆఖర్న తెరిచిన కండ్లు ఇవేనప్పా," అన్నాడు మీ నాయన. "నీకియ్యల్లనుకున్యాడు."