రేపటి పనికి తోక

బరంపురం, ఆదివారం

ఇద్దరే మాట్లాడేదాన్ని భాష అనవచ్చా? చిన్నప్పుడు మా బట్టల కొట్టులో కూర్చుని, తెలుగు క్రియలకు సొంత ప్రత్యయాలు తగిలించి అక్కా నేనూ ఒక భాష కట్టుకున్నాం. ఆ ప్రత్యయాలను తోకలనేవాళ్ళం: నిన్నటి పనికొకటి, ఇప్పటి పనికొకటి. ఎవరికీ నేర్పకూడదని ఒట్టు.

ఈరోజు అక్క గిరిసోల నుంచి వచ్చింది. మా అమ్మాయి పుట్టినరోజు చీర గురించి దాని ఎదుటే ఆ భాషలో మాట్లాడుకున్నాం. తనకు పచ్చది వద్దని అది ఆ భాషలోనే అంది.

"ఏటే, దీనికి నువ్వు సెప్పీసినావా?" అని అక్క నా మీద పడింది.

"ఎవులూ సెప్పలేదు పెద్దమ్మా. రోజూ ఫోన్లో అంత గట్టిగా మాటాడితే రాదేటి? రేపటి పనికి మీకు తోకే లేదు. నేనొకటి తగిలించీసినాను."

నిజమే, మాకెప్పుడూ అది తట్టలేదు. రైలెక్కుతూ అక్క ఆ కొత్త తోకతోనే మళ్ళీ వస్తానంది.

ఆ తోకను ఉంచుకోవాలో, మా ఇద్దరికే ఇంకో భాష కట్టుకోవాలో నాకింకా తేలడం లేదు.