వేదాద్రిలో తీసిన చీటీ

డాక్టర్ గారికి నమస్కారం.

నేను జగ్గయ్యపేట ఆత్రేయ గారి భార్యను. సోమవారం ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద ఆయన సంతకం తీసుకునే ముందు ఈ ఉత్తరం చదవండి.

లయ తప్పిన ఆయన గుండెకు మీరు రెండు దారులు చెప్పారు. తొడలోంచి గొట్టం పంపి గడబిడ పుట్టే చోట్లను కాల్చడం ఒకటి. తిరగబెడితే మళ్లీ చేయాలి. రెండోది, గుండెలో కరెంటు దారి తెంచి పేస్‌మేకర్ పెట్టడం. ఇక జన్మంతా దాని మీదే ఆధారం. బలహీనపడ్డ ఆయన గుండెకు రెండూ పనికొస్తాయనీ, ఏది కావాలో ఆయన్నే తేల్చుకోమనీ అన్నారు.

"మాటిమాటికీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కలేనే, మిషనే పెట్టించుకుంటా" అన్నారాయన. నాకేమో మిషనంటే భయం. వారంపాటు వాదించుకున్నాం. చివరికి మా అత్తయ్యగారు, "వేదాద్రి నరసింహస్వామి పాదాల దగ్గర చీటీలు వేయండర్రా" అన్నారు. రాసింది నేను. రెండింటిమీదా 'కాల్చడం' అనే రాశాను. నందిగామ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, ప్రయోగంలో రీడింగులు కావాల్సినట్టు మార్చి రాస్తే పిల్లల్ని తిట్టేదాన్ని, అలాంటి నేనే ఈ పని చేశాను.

ఆయన ఒక చీటీ తీసి, "స్వామి కూడా నీకే భయపడ్డాడే!" అని నవ్వారు. అప్పట్నుంచీ ఆయన నిశ్చింతగా ఉన్నారు. నాకే కాలు నిలవడం లేదు. నేను కోరింది మంచిదే కావచ్చు, కాకనూ పోవచ్చు. చెబుదామని మూడుసార్లు నోరు తెరిచి, మందులేసుకున్నారా అని అడిగి ఊరుకున్నాను.

సోమవారం నన్ను బయటికి పంపి, నేను చేసింది ఆయనకు చెప్పండి. ఏం కావాలో మళ్లీ అడగండి. మిషనే అంటే మిషను కాగితమే ఆయన ముందు పెట్టండి. సాక్షి సంతకానికి మాత్రం, ఆయన ఒప్పుకుంటేనే, నన్ను పిలవండి.